రెండు రూపాయల కూలింగ్ ఛార్జీ: మా ఎనిమిదో తరగతి పిల్లవాడు కొట్లో గొడవ పడ్డాడు, ఇప్పుడు క్లాసులో ఏం చెప్పాలి?

సోషల్_సార్ (ప్రకాశం జిల్లా) · శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. జడ్పీ హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఒక చిక్కు వచ్చిపడింది, మీ అందరి సలహా కావాలి.

డిసెంబరు 24 జాతీయ వినియోగదారుల దినోత్సవం కదా అని ఎనిమిదో తరగతికి ఒక పీరియడ్ తీసుకున్నాను. 1986 వినియోగదారుల రక్షణ చట్టం, దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం, అది 2020 జులై 20 నుంచి అమల్లోకి రావడం, హక్కులు, వినియోగదారుల ఫిర్యాదులకి 1915 హెల్ప్‌లైన్... అన్నీ బోర్డు మీద రాశాను. పిల్లలు ఎప్పటిలాగే తల ఎత్తకుండా ఎక్కించుకున్నారు. చివర్లో పది నిమిషాలు మిగిలితే, బ్యాగుల్లో బిస్కెట్ ప్యాకెట్లు ఉంటే తీయండ్రా అన్నాను. ఎమ్మార్పీ ఎక్కడుంది, బరువు ఎక్కడుంది, ప్యాక్ చేసిన నెల ఎక్కడుంది వెతికించాను. బోర్డు మీద రాసిన ముప్పావు గంట ఎవరికీ గుర్తు లేదు. ఆ పది నిమిషాలు మాత్రం బాగా ఎక్కాయి. మరీ బాగా ఎక్కాయి!

రెండు రోజుల తర్వాత మా పిల్లవాడొకడు అర లీటరు పాల ప్యాకెట్‌కి వెళ్లాడు. దాని మీద 30 అని ఉంది. కొట్టాయన 32 అడిగాడు. ఫ్రిజ్‌లో పెట్టినందుకు కూలింగ్ ఛార్జీ అట. "ఎమ్మార్పీ అంటే అన్ని పన్నులతో కలిపి అంతకు మించి తీసుకోకూడదు, 1915కి ఫోన్ చేస్తా" అన్నాడు వీడు. కొట్టాయన గట్టిగా ఏమీ అనలేదు. ఖాతా పుస్తకం తీసి, నలుగురి ముందు, "మీ అమ్మది 1,840 పాతబాకీ ఉంది నాయనా, ముందు అది తెచ్చి అప్పుడు ఫోన్ చెయ్యి" అన్నాడు.

ఆ తల్లి కూలికి వెళ్తుంది. ఇంట్లో ఏం జరిగిందో నేను ఊహించుకోగలను. పిల్లవాడు రెండు రోజులు బడికి రాలేదు. మూడో రోజు కొట్టాయన మా హెచ్ఎం దగ్గరికి వచ్చి, "పిల్లలకి నేర్పేది ఇదా సార్" అని అడిగి వెళ్లాడు. "సిలబస్ అవగొట్టండి మాస్టారూ, మనకెందుకు ఇవన్నీ" అని హెచ్ఎం గారు నాకు హితబోధ.

సోమవారం అదే క్లాసు. పిల్లవాడు వచ్చి కూర్చుంటాడు. వాడికి నువ్వు చేసింది రైటు అని చెప్పాలా? తప్పు అని చెప్పాలా?

---

చట్టం_చుట్టం · శుక్రవారం రాత్రి 9:40

ఇందులో తర్జనభర్జన ఏముంది సార్? పిల్లవాడు నూటికి నూరుపాళ్లు రైటు. ప్యాకెట్ మీద ఉన్న ధర కంటే పైసా ఎక్కువ తీసుకున్నా అది ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్‌కి (ప్యాకెట్ సరుకుల నిబంధనలకి) విరుద్ధం. కూలింగ్ ఛార్జీ అనే మాట ఏ రూల్లోనూ లేదు. బస్టాండ్ కొట్లలో నీళ్ల సీసాకి పది రూపాయలు ఎక్కువ తీసుకోవడం కూడా ఇదే కోవ. 1915కి తెలుగులోనే మాట్లాడొచ్చు. తూనికలు కొలతల శాఖకు ఒక అర్జీ పడేయండి. ఒకసారి కేసు రాస్తే ఊరంతా దారికొస్తుంది.

---

కొట్టు_సుబ్బయ్య_కొడుకు · శుక్రవారం రాత్రి 10:25

పేరు చూసి మీకు అర్థమై ఉంటుంది, నేను అవతలి పక్షం. మా నాన్నకి ముప్పై ఏళ్లు కిరాణా కొట్టు. నేను ఇప్పుడు సాఫ్ట్‌వేర్, బెంగళూరులో ఉంటాను. కానీ పదో తరగతి దాకా గల్లాపెట్టె దగ్గరే హోంవర్క్ చేసుకున్నాను.

అర్జీ పడేయమన్న మిత్రుడికి ఒక్క మాట. అర లీటరు పాల ప్యాకెట్ మీద మా నాన్నకి రూపాయి కూడా సరిగ్గా మిగిలేది కాదు. ఒక ప్యాకెట్ చిరిగితే పది ప్యాకెట్ల లాభం గోవిందా. తెల్లారి నాలుగున్నరకి లేచి ట్రేలు దించుకోవాలి. ఫ్రిజ్ కరెంటు బిల్లు కొట్టు కాబట్టి కమర్షియల్ రేటు. ఇవన్నీ కలిపి ఆ రెండు రూపాయలు తప్పు కాదు అనను. తప్పే. రూలు రూలే.

కానీ సోషల్ సార్, మీరు రాసిన దాంట్లో అసలు విషయం ఆ 1,840. దానికి ఆయన వడ్డీ ఎంత వేస్తున్నాడో అడిగారా? ఏమీ వేయడు. మా నాన్నా వేసేవాడు కాదు. పండగకి ముందు కొంత, కూలి డబ్బులు వచ్చినప్పుడు కొంత ఇస్తారు. కొందరు ఎగ్గొడతారు కూడా. సూపర్ మార్కెట్లో ఎమ్మార్పీ కంటే తక్కువకే ఇస్తారు, నిజమే. వెళ్లి కంది పప్పు కిలో అప్పు అడగండి చూద్దాం.

ఆ రెండు రూపాయలు కూలింగ్ ఛార్జీ కాదండీ. వడ్డీ. ఆ పేరు పెట్టి అడగలేక ఫ్రిజ్ మీదికి తోశాడు.

---

లెక్కల_మాస్టారు_నల్గొండ · శనివారం ఉదయం 6:05

కొట్టు సుబ్బయ్య గారి అబ్బాయీ, రాత్రి మీ పోస్టు చదివి నిద్ర పట్టలేదు, పొద్దున్నే లేచి లెక్క కట్టాను. రోజుకు ఒక ప్యాకెట్ అనుకుందాం. రెండు రూపాయల చొప్పున నెలకు 60. బాకీ 1,840. అరవైని పద్దెనిమిది వందల నలభైతో భాగిస్తే నెలకు నూటికి 3.26. అంటే మూడు రూపాయల పావలా వడ్డీ!

మా దిక్కు ప్రైవేటు అప్పుకి రెండు రూపాయలు, మూడు రూపాయలు నడుస్తుంది. కొట్టాయన తెలియకుండానే మార్కెట్ రేటు కంటే కాస్త పైనే వసూలు చేస్తున్నాడు. అదీ బాకీ ఉన్నవాళ్ల దగ్గరే కాదు, నగదు ఇచ్చి కొన్నవాళ్ల దగ్గర కూడా. ఆ పిల్లగాడు ఆ రోజు డబ్బులు చేతిలో పట్టుకునే పోయాడు కదా.

సోషల్ సారూ, మీ సోమవారం పాఠం ఇదే. ఎవరు రైటు అని తేల్చకండి. ఈ లెక్క బోర్డు మీద వేయించండి.

ఇంకో సంగతి. ఇరవై రెండేళ్లుగా బారువడ్డీ, చక్రవడ్డీ చెప్తున్న. పుస్తకంలో ఎప్పుడూ "సంవత్సరానికి 12 శాతం". పిల్లల ఇళ్లల్లో ఎవరూ ఆ భాష మాట్లాడరు. "రెండు రూపాయల వడ్డీకి తెచ్చినం" అంటరు. నూటికి నెలకు రెండు. ఏడాదికి 24 శాతం. ఈ రెండూ ఒకటే అని పదో తరగతి పాసైన పిల్లల్లో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి. ఒకసారి క్లాసులో "రెండు రూపాయల వడ్డీ ఎక్కువా, బ్యాంకులో 11 శాతం ఎక్కువా" అంటే, ముప్పై మందిలో ఇరవై పైన పిల్లలు బ్యాంకుదే ఎక్కువన్నరు. పదకొండు పెద్దది, రెండు చిన్నది, అంతే! వాళ్ల తప్పేముంది? ఆ రెండింటినీ ఒక్కచోట పెట్టి చూపించినవాళ్లు లేరు.

డైలీ ఫైనాన్స్ లెక్క ఇంకా తమాషా. పదివేలు అప్పు అని రాసుకుని చేతికి తొమ్మిది వేలే ఇస్తరు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వడ్డీ ఎంత అంటే పిల్లలే కాదు, మా స్టాఫ్ రూంలో కూడా "పది శాతం" అన్నరు. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి కడుతున్నం కదా. వంద రోజుల్లో సగటున మన దగ్గర ఉండేది నాలుగున్నర వేల చిల్లరే. దాని మీద వెయ్యి రూపాయలు, అదీ మూడు నెలల పది రోజులకు. ఏడాదికి చూస్తే ఎనభై శాతం దరిదాపుల్లో తేలుతది. ఆరు రూపాయల పైచిలుకు వడ్డీ అన్నమాట. మా క్లాసులో ఒక పాప ఈ లెక్క నోటుబుక్కులో వేసుకుని, ఆ కాగితం చింపి జేబులో పెట్టుకుని పోయింది. ఎందుకమ్మా అంటే ఏం చెప్పలేదు.

---

నిజం_నిష్ఠూరం · శనివారం ఉదయం 8:30

క్షమించాలి, నేను కాస్త ఎదురు మాట్లాడతాను. పిల్లల్ని పిల్లలుగా ఉండనివ్వరా? ఈ మధ్య "ఫైనాన్షియల్ లిటరసీ" అని ఒకటే హోరు. మా అబ్బాయి చదివే ప్రైవేటు స్కూల్లో ఒక కంపెనీ వాళ్లొచ్చి ఆరో తరగతి వాళ్లకి షేర్లు, మ్యూచువల్ ఫండ్లు అని రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టారు. ఫీజు 1,500. చివర్లో ప్రతి పిల్లవాడి చేతికీ వాళ్ల యాప్ క్యూఆర్ కోడ్ ఉన్న బ్యాడ్జీ. వినియోగదారుడికి అవగాహన కల్పించే వంకతో వినియోగదారుల్ని తయారు చేసుకుంటున్నారు. పేదవాడికి డబ్బు లేకపోవడం సమస్య, తెలివి లేకపోవడం కాదు. కూలికెళ్లే తల్లికి బడ్జెట్ పాఠం చెప్తారా మీరు? నెలకు వచ్చేది ఎంతో, ఎక్కడ కోయాలో ఆవిడకి తెలిసినంత మన స్టాఫ్ రూంలో ఎవరికీ తెలియదు.

---

రిటైర్డ్_క్యాషియర్ (విజయవాడ) · శనివారం ఉదయం 10:15

నిష్ఠూరం గారి చివరి వాక్యానికి రెండు చేతులా దణ్ణం. మొదటి వాక్యంతో మాత్రం పేచీ.

బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు చేశాను. ఇప్పుడు పిలిచిన బడికల్లా వెళ్లి మాట్లాడతాను, ఫీజు లేదు, బ్యాడ్జీ లేదు, ఒక కాఫీ ఇస్తే చాలు. నేను చదువుకున్నప్పుడు మా బళ్లో సంచయిక ఉండేది. మీలో ఎంతమందికి గుర్తుందో! బడిలోనే చిన్న బ్యాంకు. పిల్లలే క్యాషియర్లు, పిల్లలే లెక్కలు రాసేవాళ్లు, పైన ఒక మాస్టారు. పావలా, అర్ధరూపాయి వేసేవాళ్లం. నేను తొమ్మిదో తరగతిలో క్యాషియర్ని. ఒక రోజు లెక్కలో ముప్పావలా తేడా వచ్చింది. సాయంత్రం ఆరు దాకా కూర్చోబెట్టారు మాస్టారు. చివరికి ఒకడి పాస్‌బుక్కులో 1.25ని 2.00గా రాశానని దొరికింది. తర్వాత ఉద్యోగంలో లక్షల కట్టలు లెక్కపెట్టాను కానీ ఆ ముప్పావలా ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇప్పటి సంగతి. పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా తెరిచి నడుపుకోవచ్చు. రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్లో ఈ నిబంధనలు మళ్లీ సవరించి ఇచ్చింది. పరిమితులు ఏ బ్యాంకు విధానం దానిది. కానీ ఖాతా తెరిపించి ఫొటో దిగితే పాఠం అయిపోయినట్టు కాదు. నేను వెళ్లినచోట విత్‌డ్రాయల్ ఫారాలు పంచి నింపిస్తాను. తేదీ, అక్షరాల్లో మొత్తం, సంతకం. "అక్షరాల్లో" దగ్గర సగం మంది ఆగిపోతారు. రేపు వీళ్లే పెద్దవాళ్లయి కౌంటర్ దగ్గర నిలబడి పక్కవాడిని "కాస్త రాసిపెట్టండి" అని పాస్‌బుక్కు, ఫారం రెండూ చేతికిస్తారు. ఆ కాస్త దగ్గరే ఎన్ని మోసాలు చూశానో.

ఓటీపీ చెప్పొద్దు అని అందరూ చెప్తారు. డబ్బు పోయాక వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని, గంట గంటకీ డబ్బు చేతులు మారిపోతుందని మాత్రం చెప్పరు. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ చేతిలో ఉండేది పిల్లల దగ్గరే కాబట్టి ఈ నంబర్ పిల్లలకే తెలియాలి.

---

చట్టం_చుట్టం · శనివారం ఉదయం 10:40

పెద్దాయనా, మా నాన్నగారు కూడా సంచయికలో డబ్బులేసి ఆ పాస్‌బుక్కు ఇంకా దాచుకున్నారు. 11 రూపాయల 60 పైసలు నిల్వ. వసూలు చేసిపెట్టండి!

---

రిటైర్డ్_క్యాషియర్ · శనివారం ఉదయం 10:52

నాన్నగారి సంతకం నమూనా సరిపోవాలి బాబూ. రేపు రమ్మనండి.

---

పత్తిచేను_టీచర్ (ఆదిలాబాద్) · శనివారం మధ్యాహ్నం 1:20

అన్నా, మీరందరూ కొట్టు, పాల ప్యాకెట్ దగ్గరున్నారు. మా బడి పిల్లల ఇళ్లల్లో ఏడాది మొత్తంలో పెద్ద కొనుగోలు ఒకటే: విత్తనాలు. అది గురి తప్పితే ఇల్లే గుల్ల.

2024 వానాకాలం ముందు మా దగ్గర ఒక రకం పత్తి విత్తనం కోసం షాపుల ముందు తెల్లారకముందే లైన్లు కట్టినరు. బీటీ పత్తి ప్యాకెట్ ప్రభుత్వం నిర్ణయించిన ధర అప్పుడు 864. మా పిల్లల తండ్రుల్లో కొందరు 1,200 దాకా పెట్టి తెచ్చిన్రు. బిల్లు అడిగితే, ఈ రేటుకి బిల్లు రాదు అన్నడట షాపాయన.

అప్పటి నుంచి జూన్‌లో బడి తెరవగానే ఒక పని చేయిస్తున్న. తొమ్మిదో తరగతి పిల్లలు ఇంట్లో విత్తే విత్తనం ఖాళీ ప్యాకెట్, బిల్లు తెచ్చి చూపించాలి. లేబుల్ మీద లాట్ నంబర్, పరీక్ష చేసిన తేదీ, ఎప్పటిదాకా పనికొస్తది, మొలక శాతం ఎంత, ఇవి నోట్సులో రాసుకోవాలి. పత్తికి కనీసం 75 శాతం మొలకెత్తాలని ఉంటది. తర్వాత తడి గోనెసంచిలో వంద గింజలు చుట్టి, రోజూ నీళ్లు చల్లి, మొలకలు లెక్కపెడ్తరు. ఇది సైన్సా, సోషలా, లెక్కలా అని నన్ను అడగొద్దు.

మొదటి ఏడు 38 మందిలో బిల్లు తెచ్చినోళ్లు ఏడుగురు. పోయిన ఏడు పంతొమ్మిది. మిగతావాళ్ల ఇంట్లో బిల్లు లేదు, ఎందుకంటే అప్పు మీద తెచ్చిన్రు. విత్తనం, ఎరువు, మందు ఇచ్చే షాపాయనే పత్తి కొనేది కూడా. సోషల్ సారూ, మీ ఊరి ఖాతా పుస్తకం మా ఊర్లో ఇంకొంచెం లావుగుంటది, అంతే తేడా.

---

చట్టం_చుట్టం · శనివారం మధ్యాహ్నం 2:05

పత్తిచేను గారూ, మీ పిల్లలకు ఒక తీర్పు గురించి చెప్పండి. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులే వేసిన కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 2012 జనవరిలో తీర్పు వచ్చింది. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడే అని, విత్తనాల చట్టం ఉందన్న వంకతో వినియోగదారుల ఫోరంకి రాకూడదనడం కుదరదని కోర్టు చెప్పింది. ఇంకో ముఖ్యమైన మాట: కంపెనీ వాళ్లు "విత్తనం ల్యాబ్ పరీక్ష చేయించలేదు కదా" అని వాదించారు. రైతు కొన్న విత్తనమంతా చల్లేస్తాడు, రేపు కోర్టుకు వెళ్లాల్సి వస్తుందని ముందే కొంత పక్కన పెట్టుకుంటాడని ఎలా అనుకుంటారు అంది కోర్టు.

ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. తను ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. గడువు రెండేళ్లు.

కిరాణా కొట్టు విషయంలో రాత్రి కాస్త దూకుడుగా రాశాను. ఆ ఖాతా పుస్తకం సంగతి నాకు తట్టలేదు, మాది టౌను.

---

కొండాపూర్_అమ్మ (హైదరాబాద్) · శనివారం రాత్రి 9:30

మా ఇంట్లో ఖాతా పుస్తకం లేదు, యాప్ ఉంది. చూస్తుంటే యాపే ఎక్కువ ప్రమాదంలా ఉంది. కొట్టాయన రెండు రూపాయలు మొహం మీద అడిగాడు. యాపేమో హ్యాండ్లింగ్ ఛార్జీ అని, కొన్నది తక్కువైతే స్మాల్ కార్ట్ ఛార్జీ అని, చివరి పేజీలో కలిపేస్తుంది. 2023 నవంబరు 30న కేంద్రం ఇలాంటివి 13 రకాలు గుర్తించి నిషేధించింది. డార్క్ ప్యాటర్న్స్ అంటారు. మా పాప ఏడో తరగతి. ఆదివారం మధ్యాహ్నం నేనూ అదీ కూర్చుని "దొంగ బటన్ల వేట" ఆడతాం. నిజంగా కొనం, కార్ట్ దాకా వెళ్లి వెనక్కి వచ్చేస్తాం. అడగని వస్తువు కార్ట్‌లో చేరితే పాపకి ఒక పాయింటు. "ఇంకా 2 మాత్రమే మిగిలాయి" అని ఎర్ర అక్షరాలు కనపడితే ఒక పాయింటు. "వద్దు, నాకు డబ్బు ఆదా చేసుకోవడం ఇష్టం లేదు" అనే బటన్ దొరికితే మూడు పాయింట్లు, ఎందుకంటే మనల్ని సిగ్గుపడేలా చేస్తున్నారు కాబట్టి. పోయిన వారం పాప నన్ను 11-4తో ఓడించింది.

ఇంకొకటి చెప్పాలి. పాపకి విరేచనాలైతే మందుల షాపులో ఓఆర్ఎస్ అడిగితే పళ్ల రసం డబ్బా లాంటిది ఇచ్చేవాళ్లు. మనం అదే అనుకుని తాగించేవాళ్లం. మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దాని మీద ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి డబ్బాల మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడొద్దని ఆదేశించింది. ఆ వార్త వచ్చిన రోజు ఇంట్లో ఒక పాత డబ్బా దొరికింది. పాప చేత లెక్క వేయించాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజు. 200 మిల్లీలీటర్లకి 2.7. డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉన్న చక్కెర మా లెక్కలో 22 గ్రాములకి తేలింది. ఎనిమిది రెట్లు! అది చెంచాతో పంచదార గ్లాసులో పోసి చూసింది, ఒకటి, రెండు, మూడు... ఐదో చెంచా దగ్గర "అమ్మా, నువ్వు నాకిది విరేచనాల్లో పట్టావా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

సీబీఎస్ఈ వాళ్లు 2025 మేలో బడుల్లో షుగర్ బోర్డులు (దేంట్లో ఎంత చక్కెర ఉందో చూపేవి) పెట్టమన్నారు. మా పాప బళ్లో పెట్టారు, ప్రిన్సిపాల్ గది పక్కన, బాగా ఎత్తులో.

---

లెక్కల_మాస్టారు_నల్గొండ · శనివారం రాత్రి 10:10

కొండాపూర్ అమ్మగారూ, దొంగ బటన్ల వేట నేను ఎత్తుకపోతున్న, ముందే చెప్తున్న.

బిస్కెట్ల సంగతి కూడా చూడండి. పది రూపాయల ప్యాకెట్ పదేళ్లుగా పది రూపాయలే, గ్రాములే కరిగిపోతున్నయి. ఇంతకుముందు బిస్కెట్లు, టీ పొడి లాంటివి ఫలానా బరువుల్లోనే ప్యాక్ చేయాలని రూలు ఉండేది. దాన్ని తీసేసి, బదులుగా గ్రాముకింత అని యూనిట్ ధర వేయమన్నరు. ఆ ధర చదవాలంటే భూతద్దం కావాలె. పిల్లల కళ్లు మంచివి, వాళ్లతోనే చదివిస్త.

---

పెన్నా_ఒడ్డు (నెల్లూరు) · ఆదివారం ఉదయం 7:45

ఈ చర్చంతా చదివాను. అందరూ కొట్టు గురించి మాట్లాడారు కానీ సోషల్ సార్ హెచ్ఎం గారన్న "మనకెందుకు" దగ్గర ఎవరూ ఆగలేదు.

మాది నెల్లూరు జిల్లా. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో నేను వాలంటీరుని. రాత్రిపూట లాంతరు పెట్టుకుని ఆడవాళ్లకి అ, ఆ నేర్పేవాళ్లం. ఆ వాచకాల్లో సారా వల్ల చితికిపోయిన కుటుంబం గురించి ఒక పాఠం ఉండేది. చదవడం వచ్చాక వాళ్లు ఊరుకోలేదు. దూబగుంటలో రోశమ్మ, మిగతా ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. అక్కడి నుంచి జిల్లా, జిల్లా నుంచి రాష్ట్రం. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. సారాకి పోయే డబ్బు మిగిలాక రోజుకో రూపాయి దాచుకోవడం మొదలుపెట్టారు, పొదుపు లక్ష్మి అని. మీ ఊళ్లల్లో ఇవాళ ఉన్న డ్వాక్రా సంఘాల కథలో ఆ రూపాయికి పెద్ద పాత్రే ఉంది.

అప్పుడు కూడా "చదువు చెప్పమంటే గొడవలు పెడతారేంటి" అని పెద్దలు మమ్మల్ని అడిగారు. కాబట్టి హెచ్ఎం గారి మాట కొత్తదేం కాదు. ఒక్క తేడా ఉంది. రోశమ్మ ఒక్కతే వెళ్లలేదు. మీ పిల్లవాడు ఒక్కడే వెళ్లాడు. పన్నెండు పదమూడేళ్ల వాణ్ణి ఒంటరిగా కొట్టు ముందు నిలబెట్టింది మీ పాఠమే సార్. కోపం తెచ్చుకోకండి.

---

సోషల్_సార్ · ఆదివారం ఉదయం 9:20

కోపం ఏమీ లేదండీ. నిన్నటి నుంచి నేనూ అదే అనుకుంటున్నాను. రేపు ఏం చేస్తానో ఇంకా తెలియదు. సాయంత్రం ఆ కొట్టుకి వెళ్లొస్తాను.

---

నిర్వాహకుడు · ఆదివారం ఉదయం 11:00

కొత్తగా చేరినవాళ్లకు మనవి: దుకాణం పేరు, ఊరి పేరు, పిల్లవాడి పేరు ఎవరూ అడగొద్దు, రాయొద్దు. రెండు పోస్టులు తీసేశాను.

---

సోషల్_సార్ · బుధవారం రాత్రి 8:50

ఆలస్యానికి మన్నించండి. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆదివారం కొట్టుకి వెళ్లి ముందు పిల్లవాడి తరఫున కాదు, నా తరఫున మాట్లాడాను. పాఠం చెప్పింది నేను, గొడవ వాడికెందుకు అన్నాను. ఆయన కూడా మెత్తబడ్డాడు. "నలుగురి ముందు ఆ బాకీ మాట అనకుండా ఉండాల్సింది సార్, నోరు జారింది" అన్నాడు. ఆయన చదివింది ఏడో తరగతి. సోమవారం క్లాసుకి వస్తారా అంటే మొదట నవ్వాడు, తర్వాత భయపడ్డాడు, చివరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఖాతా పుస్తకం తేవద్దన్నాను. కరెంటు బిల్లు, పాల వాళ్ల చీటీ, తన ఎలక్ట్రానిక్ కాటా తెచ్చాడు.

లెక్కల మాస్టారి లెక్క ఒక కల్పిత పేరుతో బోర్డు మీద వేశాం. మూడు రూపాయల పావలా అని తేలగానే కొట్టాయన లేచి దగ్గరికొచ్చి మళ్లీ చూసుకున్నాడు. "అంత పడుతోందా?" అన్నాడు. నిజంగానే తెలియదు ఆయనకి. తర్వాత ఆయన లెక్క ఆయన చెప్పాడు: చిరిగిన ప్యాకెట్లు, బిల్లు, నాలుగున్నరకి లేవడం. పిల్లలు ఒక్కరూ కదల్లేదు. అప్పుడు మనవాడు లేచాడు. వారం రోజుల్లో మొదటిసారి నోరు విప్పాడు. "కంపెనీ వాళ్లు మీకు తక్కువ ఇస్తే మీరు కంపెనీ వాళ్లని అడగాలి కదా తాతా, మా అమ్మని ఎందుకు అడుగుతున్నారు?" కొట్టాయన కాసేపు నేల చూపులు చూసి, "నువ్వడిగితే మీ సార్ వచ్చాడు. నేనడిగితే ఎవరొస్తారు నాయనా" అన్నాడు. నేను ఇంతవరకూ చెప్పిన ఏ పాఠంలోనూ దీనికి జవాబు లేదు.

కూలింగ్ ఛార్జీ తీసేస్తానని ఆయన అనలేదు. నగదు ఇచ్చినవాళ్ల దగ్గర తీసుకోను అన్నాడు. బాకీ ఉన్నవాళ్ల విషయం పిల్లవాడి తల్లితో మాట్లాడుకుంటాను అన్నాడు. మంగళవారం నుంచి పిల్లవాడు 30కే తెస్తున్నాడు. చట్టం ప్రకారం సగమే గెలిచాం, చట్టం చుట్టం గారు తిట్టొద్దు.

అసలు కథ తర్వాత మొదలైంది. కాటా ఎలా నమ్మాలో చూపించమని ఆయన్ని అడిగాను. కాటా మీద తూనికల శాఖ ముద్ర ఎక్కడ వేస్తారో, ఏ ఏడాది, ఏ త్రైమాసికం అని ఎలా చదవాలో, ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి మళ్లీ వేయించాలని చెప్పాడు. ఆయన ముద్ర సరిగ్గానే ఉంది, కాస్త గర్వంగా తిప్పి తిప్పి చూపించాడు. ఒక పాప చెయ్యెత్తింది. "సార్, మన మధ్యాహ్న భోజనం గదిలో ఉన్న కాటాకి ముద్ర ఉందా?"

వెళ్లి చూశాం. ముద్ర మీద 2019 అని ఉంది. అదీ పనిచేయడం లేదు, రెండేళ్లుగా బియ్యం బస్తాల మీద రాసి ఉన్న అంకె చూసి రిజిస్టర్లో ఎక్కిస్తున్నారట. కొట్టాయన "నా కాటా ఉందిగా సార్" అన్నాడు. అది చిన్నది, పదేసి కిలోలుగా గిన్నెలో పోసి తూచాం. గిన్నె బరువు తీసేయడం పిల్లలే గుర్తుచేశారు. 50 కిలోల బస్తా 47 కిలోల 300 గ్రాములు వచ్చింది. రెండోది 48.100.

పిల్లలు రెండు అంకెలూ నోటుబుక్కుల్లో రాసుకున్నారు, తేదీ వేశారు, కింద కొట్టాయన చేత సాక్షి సంతకం పెట్టించారు. ఈ ఆలోచన వాళ్లదే. హెచ్ఎం గారు ఇవాళ నాతో మాట్లాడలేదు. సాయంత్రం వెళ్లేటప్పుడు మాత్రం, "మాస్టారూ, ఆ కాటా రిపేరుకి ఎంతవుతుందో కనుక్కోండి, వచ్చే లోడు తూచే దించుకుందాం" అన్నారు.

---

కొట్టు_సుబ్బయ్య_కొడుకు · బుధవారం రాత్రి 9:15

మా నాన్నకి చదివి వినిపించాను. "ముద్ర చూపించాడా? మంచి పని చేశాడు" అన్నారు. కాసేపాగి, "కాటా రిపేరుకి వాళ్లు ఎక్కడికెళ్తారట? ఒంగోల్లో నాకు తెలిసిన మనిషున్నాడు, నంబరు ఇమ్మంటావా" అని అడిగారు. సోషల్ సార్, మీకు మెసేజ్ పెట్టాను, చూడండి.